మోచేతి ఎత్తు

ముందు నన్ను కొలిచాడు, చెక్కని కాదు.
"నిటారుగా నిలబడు, ఐలా. మోచేతులు మడు."
నేల నుంచి నా మోచేతి దాకా టేపు లాగి
అందులో నాలుగు వేళ్ళు తగ్గించి
గోడ మీద పెన్సిలు గీత పెట్టాడు ఓర్వో.
నాలుగు వేళ్ళంటే కుడిచేతివి.
ఎడమచేతికి బొటనవేలు కాక మిగిలినవి రెండే,
తక్కిన రెంటినీ ధాన్యం గోదాములో
ఎప్పుడో ఒక బెల్టు తీసుకుంది.

పద్దెనిమిదేళ్ళు భోజనాల బల్ల మీద వంగి
థండర్ బేలో మా పేట నాటకాలవాళ్ళకి
రాజుల అంగీలూ పోస్ట్‌మాన్ కోట్లూ
ఒకే కత్తెరతో కత్తిరించాను.
తెర దిగేసరికి ప్రతిసారీ
నా నడుము ప్రశ్నార్థకం.

క్యాబినెట్లు నాలుగు.
వంటింటి కోసం పుట్టి ఏ వంటింటికీ నోచుకోక
మూతపడే దుకాణంలో మిగిలిపోయినవి.
మూడు తెలుపు. నాలుగోదీ తెలుపేనని
అమ్మినవాడు ఒట్టేశాడు.
ఇంటికొచ్చి దీపం వేస్తే మీగడ రంగు.
ఒకదానికి తలుపే లేదు,
ఇప్పుడందులోంచి గుడ్డ చుట్టలు తొంగి చూస్తుంటాయి.

వీపుకి వీపు ఆనించి నిలబెట్టాడు వాటిని,
అలిగిన రెండు జంటల్లా.
అంచులు సమం చేసి, క్లాంపులు బిగించి,
ముందు సన్నటి బెజ్జం, ఆ తర్వాతే మరమేకు.
తొందరపడి గుచ్చితే చెక్క పగులుతుందన్నాడు.
మనిషి కూడా అంతే, అంటాడేమోనని ఆగాను.
అనలేదు. ఓర్వో అలాంటివి అనడు.
"ఇంకో మరమేకు ఇయ్యి" అన్నాడు.

రసమట్టంలో బుడగ ఒక పక్కకే పరిగెడుతోంది.
మంచు కరిగే నెలల్లో నీళ్ళు పోవాలని
మా మామగారు తూము వైపు వాలుగా పోయించిన నేల ఇది.
ముప్పై ఏళ్ళు ఈ వాలు మీదే నడిచాను,
నాకు తెలియలేదు. బుడగకి తెలిసింది.
దేవదారు పెంకు చీల్చి చీలికలు దూర్చాడు,
ఈ మూల ఒకటి, ఆ మూల మూడు,
తూము పక్క మూలకి అయిదు.
బుడగ రెండు గీతల మధ్యకొచ్చి
ఊపిరి బిగబట్టిన పిల్లలా కూర్చుంది.

అప్పుడు విప్పాను నోరు.
"ఓర్వో, నువ్వు కొలిచినప్పుడు మేజోళ్ళతో ఉన్నాను.
పనిలో ఉంటే ఫెల్టు బూట్లు వేసుకుంటాను,
ఈ నేల ఎముకలు కొరుకుతుంది."
చెవి మీది పెన్సిలు తీశాడు. మళ్ళీ చెవి మీదే పెట్టాడు.
ఫిన్నిష్‌లో ఒక మాటన్నాడు,
మా చర్చిలో వినపడే మాట కాదు.
కింది చట్రానికి అంగుళంబావు బద్దె చేర్చి
చీలికలన్నీ మళ్ళీ మొదటి నుంచీ దూర్చాడు.

పైన, పడగొట్టిన బడి నుంచి తెచ్చిన జంట తలుపులు.
చుట్టూ ఆరంగుళాలు బయటికి.
పిడి ఉండే కన్నంలోంచి ఇప్పుడు
ఇస్త్రీపెట్టె తీగ దిగుతుంది.
"దుకాణంవాళ్ళు దీన్ని ఐలాండ్ అంటారు" అన్నాను.
"నీ పేరుకి తోక తగిలించారు" అన్నాడు.
ఆ రోజుకి అతని హాస్యం అంతే.

గట్టిదనం చూడాలిగా.
బూట్లు విప్పి బల్ల ఎక్కాడు.
డెబ్భై రెండేళ్ళ మనిషి, తల దూలానికి తగులుతుంటే
మోకాళ్ళు వంచి ఒక్క గెంతు గెంతాడు.
గోడకి వేలాడే కత్తెరలు గణగణలాడాయి.
బల్ల కిర్రుమనలేదు,
జనవరిలో సరస్సులా ఉంది.

దూలం కింద, దీపం పక్కన,
చేతులు చాచి తూగుతున్న అతన్ని చూసి
టేపు అందుకున్నాను.
భుజం నుంచి భుజానికి. చంక నుంచి మడమకి.
"ఏం చేస్తున్నావ్?"
"నిటారుగా నిలబడు. మోచేతులు మడు."

మార్చి నాటకంలో ఎలుగుబంటికి
ఇంకా మనిషి దొరకలేదు.
మాటలేం లేవు, రెండుసార్లు గుర్రుమనాలి, అంతే.
అతను గుర్రుమన్నాడు.
పనికొస్తుంది.

రాత్రి ఒక్కదాన్నే గోధుమరంగు గుడ్డ పరిచాను,
మొదటిసారి మడతపెట్టకుండా.
ఎడమ పంజాకి ఎన్ని వేళ్ళు పెట్టాలో
అతన్ని అడగలేదు.
అయిదు కత్తిరించాను,
వంగకుండా.