రెండు కొలతలు

నోరీన్ ఒర్మెరాడ్ ఎవరి ఛాతీనీ ఒక్కసారి కొలిచి ఊరుకోదు.
ఊపిరంతా వదిలేయమంటుంది. ఒక అంకె.
నీ పాటలో అన్నిటికంటే పొడుగు స్వరం ఏదో
దానికి సరిపడా పీల్చుకోమంటుంది. ఇంకో అంకె.
రెంటికీ నడుమ తేడాని
పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టి
"మనం కుట్టాల్సింది ఇదీ" అంటుంది నాతో.
"మిగతాది గుడ్డ."

మాంచెస్టర్‌లో కాలువ పక్కన
ఒకప్పటి గొడుగుల ఫ్యాక్టరీ, మూడో అంతస్తు.
గొడుగులు పోయినా వాన కిటికీని వదల్లేదు.
రంగు గంగాళాలు ఉడుకుతుంటే
జున్ను తురిమే కోరాముతో
కొత్త కోటుని గీకి గీకి ముసలిదాన్ని చేయడం
నా మొదటి ఉద్యోగం.
మోచేతులు అరగదీశానని తిట్టింది:
"వీడు గుమాస్తా కాదే, మూటలు మోసేవాడు.
అరిగేది భుజం."

తను పదహారేళ్లప్పుడు బ్లాక్‌పూల్‌లో
సముద్రం మీద కట్టిన నాటకశాలలో
ఈకలకి ఆవిరి పట్టడంతో మొదలెట్టిందట.
ఉప్పుగాలికి అవి తడిసిన కోళ్లలా వాలిపోయేవట,
రాత్రికి రెండు ఆటలు.
తర్వాత నలభై మూడేళ్లు, ముప్పై ఎనిమిది సంగీత నాటకాలు.
పదకొండు వారం తిరక్కుండానే మూతపడ్డాయి,
అడిగితే ముందు వాటి పేర్లే చెబుతుంది.
ఒకదానికి బహుమతి వచ్చింది. ఆ కంచుబొమ్మ
కత్తిరింపు కాగితాలు ఎగిరిపోకుండా బరువు.

తల్లి బర్న్‌లీలో నేతమిల్లు మనిషి.
మగ్గాల రొదలో మాట వినపడక
ఆడవాళ్లు పెదాలు చదువుకునేవారు.
బడికంటే ముందే కూతురికి ఆ చదువు అబ్బింది.
యాభై దాటాక చెవులు
ఒకదాని వెనక ఒకటి సెలవు తీసుకున్నాయి.
ఎవరికీ చెప్పలేదు.
రిహార్సల్లో పై బాల్కనీ చివరి వరసలో కూర్చుని
పక్కటెముకల దగ్గర కుట్టు
ఎక్కడ తెరుచుకుంటోందో చూసేది.
"మూడో పాటలో ఆ పిల్ల అబద్ధం పాడుతోంది" అందొకసారి.
"భుజాలతో పీలుస్తోంది."
సంగీత దర్శకుడు నవ్వాడు.
మర్నాడు నవ్వలేదు.

లివర్‌పూల్‌లో ఒక రాత్రి
పద్నాలుగు సెకన్లలో వితంతువు పెళ్లికూతురు కావాలి.
తెర పక్క చీకటి, నా పళ్ల మధ్య చిన్న టార్చి,
చేతిలో జిప్పు ఊడిన గౌను.
ఎటునుంచి వచ్చిందో నోరీన్
మనిషిని గౌనులో పెట్టి కుట్టేసింది.
ఎనిమిది కుట్లు. దారం కొరికి, వీపు మీద ఒక్క తోపు.
చప్పట్లు ఎంతసేపు మోగాయో నాకు తెలీదు,
ఆ పిల్లని మళ్లీ బయటికి తీయడానికి
కత్తెర వెతుకుతున్నాను.

ఆట అయిపోయిన బట్టలు అద్దె కొట్టుకి పోతాయి.
కాలరు లోపల
ఒక నటుడి పేరు మీద ఇంకో నటుడి పేరు,
పొరలు పొరలుగా గుడ్డ చీటీలు.
అన్నీ ఊడదీసి చూశాను ఒకసారి.
ఆమె పేరు అడుగున కూడా లేదు.

ఈ మార్చిలో ఆమెకే ఒక చొక్కా కుట్టాలనుకున్నాను.
ఆసుపత్రి నుంచి వచ్చాక పాతవన్నీ వదులైపోయాయి.
"టేపు చల్లగా ఉంది" అని గొణిగింది.
వదలమన్నాను. ముప్పై ఒకటి.
పీల్చుకోమన్నాను.
చాలాసేపు పీల్చింది.
ముప్పై ఒకటింబావు.

పావు అంగుళానికి ఎంత వదలాలో
నాకెప్పుడూ నేర్పలేదు.
రెండంగుళాలు వదిలి కుట్టాను.

తొడుక్కుని, చంక కింద వేలు దూర్చి
ఖాళీని అటూ ఇటూ జరిపి చూసి
నా పెదాలకేసి చూసింది.
"ఏ పాట పాడిస్తావేంటి నాచేత?" అంది.

రెండో కాజా వంకరట.
విప్పి మళ్లీ కుట్టమంది.