లఘువు

గాజువాకలో అరిగిన టైర్లకి కొత్త తోలు తొడిగే షాపు మీద
మా గది.
గోడల నిండా కోడిగుడ్ల అట్టలు.
సగం బిర్యానీ హోటల్ వాళ్ళిచ్చారు, సగం మేమే తిన్నాం.

మా నల్ల చొక్కాలు చూసి కింద టీ కొట్టు పైడిరాజు
"ఎన్నో ఏడు బాబూ మాల?" అంటాడు.
మే నెలలో.
దివాకర్ విసుక్కోడు. "కన్నెస్వామినే" అని
చక్కెర ఎక్కువ వేయించుకుంటాడు.

పాట పూర్తయింది. పదకొండు నిమిషాల నలభై సెకన్లు.
పేరు ఒక్క పూటలో పెట్టేశాం.
గోత్రం తేలక మూడు వారాలు.

దివాకర్ అంటాడు, ఇది డూమ్.
వాడు బ్లాస్ట్ ఫర్నేస్ మనిషి.
కరిగిన ఇనుము కాలవలో కదిలేటప్పుడు తొందరపడదట,
ఎంత ఆఫీసరు వచ్చి కేకేసినా తొందరపడదట.
"బరువున్నదేదీ పరిగెత్తదురా.
నీకేటి తెలుసు, ఏసీ బ్యాంకులో కూకుంటావు."

స్టెల్లా అంటుంది, గోతిక్.
ఆమెది ఓల్డ్ టౌన్. కొండ మీది చర్చిలో ప్రతి ఆదివారం
పాటలో కింది వరస ఆమెదే.
"వయొలిన్ ఉంది. నేనున్నాను. మూడో చరణంలో
సమాధి మీద ఎండిన బంతిపూల వాసనుంది.
మా అమ్మ పొద్దున్నే ఆరేసిన తెల్ల దుప్పటి
పోర్టు దుమ్ముకి మధ్యాహ్నానికే బూడిద.
నాకు గోతిక్ ఎవరూ నేర్పలేదు."

"అంటే అందంగా ఏడిస్తే గోతిక్కా?"
"ఏడ్చే ఓపిక కూడా లేకపోతే డూమా?"

ఇద్దరూ నా వైపు చూశారు.
నేను బేసు వాయిస్తాను. అంటే, ఎవరికీ వినపడను.

నాకు తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది,
చోడవరం, అప్పలనరసయ్య మాస్టారు,
యమాతారాజభానసలగం,
తప్పు చెబితే చెవి మెలిక.
మార్కర్ తీసి గుడ్ల అట్ట మీద
గిటారు నడకకి గణవిభజన చేశాను.
గురువు, గురువు, గురువు. మ గణం.
మళ్ళీ మ గణం.
దాని వెనక, నీళ్ళ లారీ వెనక ఇంకో నీళ్ళ లారీలా, మ గణం.
అట్ట అయిపోయింది. ఒక్క లఘువు లేదు.

"సూసినావా," అన్నాడు దివాకర్.
గణాలు గిణాలు వాడికి తెలీవు, గెలిచానని మాత్రం తెలిసింది.

స్టెల్లా ఏమీ అనలేదు.
పాటని వెనక్కి జరిపి హెడ్‌ఫోన్ నా చెవికి పెట్టింది.
ఆరో నిమిషం. డ్రమ్ములు ఆగిన చోట,
ఆమె గొంతెత్తే ముందు
మైకు పొరపాటున పట్టుకున్నది:
చిన్న ఊపిరి.
ఈతరాని పిల్ల అలకి ఎదురు నిలబడి
ముక్కు మూసుకునే ముందు లాగే ఊపిరి.
రెప్పపాటు. ఒక మాత్ర, అంతే.

"ఇదేమిటి మరి?" అంది.

నిజం చెప్పాలి: నిన్న రాత్రి అది చెరిపేద్దామనుకున్నాను.
మచ్చ అనుకున్నాను.

దివాకర్ ఆ ముక్క నాలుగుసార్లు విన్నాడు.
"ఊపిరికి కూడా గణం ఉంటాదేటి?" అని గొణిగి
సిగరెట్టు తీసుకుని పిట్టగోడ దగ్గరికి పోయాడు.
మేమూ వెళ్ళాం. లోపల ఫ్యాను లేదు.

అప్పుడే గంగవరం వైపు ఓడ కూసింది,
నా లావు తీగ కంటే అరమెట్టు కింద,
మెల్లగా, ఎవరి కోసమూ కాకుండా.
"డూమ్," అన్నాడు దివాకర్, పొగ వదులుతూ.
"ఉండు," అంది స్టెల్లా. "కొండని కూడా రానీ."

యారాడ కొండ ఆలోచించుకుని
సన్నగా, పైస్థాయిలో,
సగం మింగేసి తిరిగిచ్చింది.

రకం అన్న గడి ఖాళీగా వదిలేశాను.
ఊపిరి చెరపలేదు.
బి షిఫ్ట్ బస్సుకి టైమయింది,
తలుపుకి తాళం వేసి దిగుతుంటే
మెట్ల మీద మళ్ళీ మొదలుపెట్టారు:
కొండ అన్నది గురువా, లఘువా.