నాలుగు పాయింట్ ఆరు

ధనకుమారి ఫోన్లో చూపించింది: నాలుగు పాయింట్ ఆరు.
"రెండువేల మంది తిని మరీ చెప్పారు, ఇంకేటి నీ అనుమానం?"
కోర్టు మెట్ల మీద ఉన్నాం అప్పటికి.
చేతిలో కాగితానికి ఇంకా జెరాక్సు వేడి.
పదకొండేళ్ళూ రెండు పేజీల్లో పట్టేశాయి.

బీచ్ రోడ్డులో ఎనిమిదో అంతస్తు. పేరు తెరచాప.
లిఫ్టు అద్దంలో నేను,
చంకలో ఫైలు,
వాయిదాలకి కట్టుకెళ్ళే ఆ ఒక్క పొందూరు చీర.
విందుకి వచ్చిన మొహాలు కావు మావి.
అయినా తలుపు తీసినతను నమస్కారం పెట్టాడు.

కిటికీ పక్క బల్ల.
అంతెత్తు నుంచి సముద్రానికి చప్పుడు లేదు.
దూరంగా లంగరేసిన ఓడలు,
బెర్తు కోసం వాయిదా మీద వాయిదా, పాపం.
కుడివైపు యారాడ కొండ మీది లైట్‌హౌసు
నన్నోసారి చూసి, పోయి,
మళ్ళీ వచ్చి చూసింది.

మెనూ అట్ట పెళ్ళి ఆల్బమంత బరువు.
అందులో "కోస్టల్ సార్డిన్, ఆంధ్రా రబ్".
"కవ్వళ్ళే!" అంది ధనకుమారి, సగం హోటలుకి వినపడేట్టు.
కవ్వళ్ళే.
జాలరిపేట గంపలోంచి మాకు పది, పిల్లికి ఒకటి కొసరు.
ఇక్కడ నాలుగింటికి ఆరొందల తొంభై.
తెప్పించాం. ముళ్ళు తీసి మరీ ఇచ్చారు,
పసిపిల్లలకి ఇచ్చినట్టు.

వడ్డించే కుర్రాడి జేబు మీద పేరు పైడిరాజు.
"స్పెషల్ అకేషనా మేడం? బర్త్‌డేనా, యానివర్సరీయా?"
ధనకుమారి నీళ్ళగ్లాసు ఎత్తింది. నేనే చెప్పాను.
"విడాకులు."
పెన్ను కదల్లేదు. ఆ చీటీలో దానికి గడి లేదేమో.
"అలాగే మేడం" అన్నాడు,
పెరుగడిగితే అన్నట్టు.

ఆయనా మార్కులు వేసేవాడు.
రాత్రి తొమ్మిదింటికి, చెయ్యి కడుక్కోకముందే.
పప్పుచారుకి నాలుగు.
వంకాయకి మూడున్నర, పోనీలే అని.
పదికి.
ఒకసారి చేపల పులుసుకి ఏడొచ్చింది.
ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు నాకు.
ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.
కోర్టులో ఇది చెప్పలేదు.
కొట్టినవి చెప్పాను. అవి లెక్కలోకి వస్తాయి.

పైడిరాజు మళ్ళీ వచ్చి గొంతు తగ్గించాడు.
"స్వీటు ప్లేటు మీద చాక్లెట్‌తో పేరు రాస్తాం మేడం.
ఏమని రాయమంటారు?"
అలవాటుగా ఇంటిపేరు నోటిదాకా వచ్చింది.
ఒకటి కాదు, రెండూ వచ్చాయి,
బస్సు మెట్టు మీద ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు.
"హైమ," అన్నాను. "అంతే."

మాడుగుల హల్వా పక్కన
వంకర అక్షరాలతో, రెండు మాటలూ రాసుకొచ్చారు:
హైమ అంతే.

ధనకుమారికి నవ్వి నవ్వి పొలమారింది.
పక్క బల్ల పుట్టినరోజు వాళ్ళు కొవ్వొత్తులు ఆర్పడం మానేసి చూశారు.
వేలితో గీరి హైమని నేను తిన్నాను.
అంతేని దానికి పెట్టాను.

బిల్లు, మందుల షాపులో నా నాలుగు రోజుల జీతం.
కట్టగానే ఫోను అడిగింది, ఎన్ని చుక్కలని.
ఐదు ఖాళీ చుక్కలు.
వేలు ఆడలేదు.
"ఉలవచారు ఎవరు కాచారు బాబూ?"
"గౌరమ్మత్తండి. చిట్టివలస నుంచి వస్తాది."
"మూడుసార్లు పోయించుకున్నానని చెప్పు ఆవిడకి."
"అంతేనా మేడం?" అని నాలిక కరుచుకున్నాడు.

కిందకి దిగాక సముద్రానికి మళ్ళీ చప్పుడొచ్చింది.
అంత తిన్నా ఎక్కడో కాస్త ఖాళీ.
ఇసుక గట్టు మీద మురీ మిక్సరు బండి.
డబ్బా గిలకరిస్తూ అడిగాడతను,
"ఉప్పెంత, కారమెంత, నిమ్మకాయ పిండమంటారా?"

ధనకుమారి టకటకా చెప్పేసింది.

"మీకమ్మా?"

చెప్పడానికి కాసేపు పట్టింది నాకు.