తడీ పొడీ

పాత పెయింటు డబ్బాకి
కాల్చిన స్క్రూడ్రైవరుతో పద్దెనిమిది కన్నాలు పెట్టాను.
పోర్టు బొగ్గుపొడి వాలే మా వన్‌టౌన్ మేడ మీద
చిక్కుడుపాదు పక్కన కూర్చోబెట్టి
మొదటి రోజే తప్పు చేశాను:
కానాగంతల తలకాయలు.

మూడో రాత్రికి వాసన మెట్లు దిగి
కింది వాటా తలుపు కొట్టింది.
నూకరత్నం పైకొచ్చి, మూత తీసి చూసింది.
ముక్కు మూసుకోలేదు.
"ఏటి సిస్టరమ్మా, సేపలేస్తారేటి దీన్లో?
దోసెడు తడికి రెండు దోసిళ్ళ పొడుండాల"
అని, పులుసు కలిపినట్టు కర్రతో కలిపి
దిగిపోయింది.

అప్పట్నించీ నైట్ డ్యూటీ దిగాక
ఆస్పత్రి గోడవార బాదమాకులు ఏరుతున్నాను.
ఎందుకని అడగడం వాచ్‌మన్ మానేశాడు.
క్యారేజీ సంచీ నిండా ఎర్రబడ్డ ఆకులు.
ఇంటికొచ్చి అరటితొక్కలు, టీపిప్పి,
పైన గ్లాసుడు పుల్లమజ్జిగ.

పదకొండో రోజు
చెయ్యి తిరగేసి, వెనకవైపు ఆనించాను,
పిల్లల వార్డులో నుదుటికి ఆనించినట్టే.
చురుక్కుమంది.
నూటమూడు ఉంటుంది, థర్మామీటరు అక్కర్లేదు.

ఇరవై రెండేళ్ళుగా
జ్వరం దిగాలని తడిగుడ్డలు మార్చిన చెయ్యి ఇది.
ఇప్పుడు డబ్బా మీద ఆగి
దిగకు, అప్పుడే దిగకు అంటోంది.

నిన్న బోర్లిస్తే
అడుగున నలుపు.
నేను రోజూ మేడ తుడిచే నలుపు కాదు,
పిడికిట పడితే ముద్దయ్యేది.
ఏది తొక్కో, ఏది ఆకో పోల్చలేకపోయాను.

మామిడి టెంక ఒక్కటే
ఏమీ జరగనట్టు
పీచు పీచంతా అలాగే ఉంది.
మళ్ళీ లోపలికి తోశాను.