మూడో గిన్నె

తిను ఆస్‌వోర్, వేడి తగ్గకముందే తిను.
బార్లీ జావ, వెన్న కాస్త ఎక్కువే వేశాను.
బిడ్డ పుట్టిన రాత్రి తల్లి తినే మొదటి ముద్ద ఇది,
మా దీవుల్లో దీనికి ఆ ముగ్గురి పేరే: నోర్నుల జావ.

అక్కడున్న మూడు గిన్నెలూ వాళ్ళవి.
మొదటిది ఉర్ద్‌కి, అయిపోయినదంతా ఆవిడ బావిలోనే ఊరుతుంది.
రెండోది వెర్దాండికి,
ఇదిగో, పొయ్యిలో బురదపెళ్ళ చిటపటమంటోందే, ఆ చప్పుడే ఆవిడ.
మూడోది స్కుల్ద్‌కి.
మా మాటలో ఆ పేరుకు అప్పు అని అర్థం.
అప్పులామెకు వడ్డించకుండా ఎవరు తింటారు?

వాడి గోళ్ళు చూడకు.
చూసేశావా అప్పుడే?
నేనూ చూశాన్లే, నీ మొగుడు పుట్టిన రాత్రి,
నూనెదీపం దగ్గరికి లాక్కుని పది వేళ్ళూ.
వాడికేం లేదు. వాడి తండ్రికే ఉంది,
ఎడమ బొటనవేలి గోటి మొదట్లో
మంచు రవ్వంత తెల్ల మచ్చ.
నోర్నుల అడుగుజాడ అంటారు దాన్ని.
గోటితో పాటే నడుస్తుంది.
కొసకు చేరిన రోజున జరగవలసింది జరుగుతుంది.

ఆ చలికాలమంతా మగ్గం ముందు నిలబడి
పడుగు దారాలకు చిల్లు రాళ్ళు వేలాడగడుతూ
ఆ బొటనవేలినే చూశాను.
జావ తాగుతుంటే చూశాను, గొర్రె ఉన్ని పీకుతుంటే చూశాను,
చీకట్లో పక్క మీద తడిమాను,
మచ్చ చేతికి తగలదని తెలిసి కూడా.
నెలకు బార్లీ గింజ మందాన జరిగేది.
ఆయన ఈల వేసుకుంటూ తిరిగేవాడు.

పక్షుల కొండచరియలు దిగడం ఆయన పని.
నడుముకు తాడు, పైన తమ్ముడు ఒడ్మార్ చేతులు,
కింద నూరు నిలువుల లోతున సముద్రం.
ఆ తాడు నేనే పేనాను. విప్పి మళ్ళీ పేనాను.
ఒడ్మార్ నవ్వాడు:
"తాడు గట్టిదే వదినా, తెగేది తాడే అయితే."

పక్షులు గుడ్లు పెట్టే వారంలో
మచ్చ అంచుకు వచ్చింది.
వెళ్ళకన్నాను.
ఆయన కత్తి తీసి గోరు కోసి పొయ్యిలో వేశాడు.
(కోయాలి మరి. చచ్చినవాళ్ళ గోళ్ళతోనే కదా
లోకం మునిగేనాటి పడవ కడతారు.)
"ఇంట్లో కూర్చుంటే దూలం మీద పడొచ్చు,
కొండకి పోతే గుడ్లయినా వస్తాయి."

సాయంత్రం అరవై గుడ్లతో వచ్చాడు.
నాకెంత కోపం వచ్చిందో!
ఆర్నెల్లు కూడబెట్టిన ఏడుపంతా ఇప్పుడెక్కడ పొయ్యను?
రెండు గుడ్లు పగలగొట్టాను, కావాలనే.

పదకొండేళ్ళకు పోయాడు,
పన్ను చీము పట్టి, మంచంలో, గాలైనా లేని రోజున.
గోళ్ళు నేనే కోశాను. ఒక్క మచ్చ లేదు.

మరి ఆ మచ్చ దేనికొచ్చిందని అడుగుతావు.
ఏమో.
కానీ ఆ ఆర్నెల్లలోనే నీ మొగుడు
బోసినోటితో మొదటిసారి నవ్వి ఉంటాడు.
ఏ పొద్దున, ఎవరి మొహం చూసి?
నాకు గుర్తు లేదు. నేను వేలు చూస్తున్నాను.
ఆయన గోటి మీద నా మచ్చే నడిచిందేమో.

ఆ ముగ్గురూ రాసేవాళ్ళు కారమ్మా, పరిచేవాళ్ళు.
బావి అడుగు తెల్లమట్టి తెచ్చి
పెద్ద చెట్టు మొదలుకి రోజూ పూస్తారు,
ఎండిన పొర మీద తడి పొర.
మనం చేసిందల్లా ఆ మట్టిలో కలుస్తుంది.
నేను చూడని నవ్వు కూడా అక్కడే ఎక్కడో గట్టిపడి ఉంది,
నా కాళ్ళు దాని మీదే నిలబడ్డాయి.

తెల్లారేసరికి మూడో గిన్నె ఖాళీ అవుతుంది.
కుక్క నాకుతుంది, నాకు తెలుసు.
అయినా మూత పెట్టను.
తొమ్మిదో రాత్రి నీళ్ళు చల్లి పేరు పెడదాం,
అప్పుడు మొదలవుతుంది వీడి పద్దు.

తిను.
మళ్ళీ వాడి చేతికేసే చూస్తున్నావు.
ఇప్పుడే ఆవలించాడు, చూశావా?
చూడలేదు కదూ.