గాజుకు ఇవతల

వాల్దివియాలో జులై అంటే వానే.
బస్సు కిటికీలన్నీ బిగించుకుని
నలభైమంది ఒకే ఊపిరి పంచుకుంటారు.
చిల్లర అందించే ప్రతి చెయ్యీ
ఏదో ముక్కు తుడిచి వచ్చిందే.

ఇంటికొచ్చి కట్టెల కొట్టంలో బట్టలు విప్పేస్తాను.
వణుకుతూ సబ్బు రుద్దుకుంటాను
కణుపులు పగిలి మండేదాకా.
ఒకే గొట్టంతో అందరం మాతే టీ పీల్చే అలవాటు
మార్చిలోనే మానేశాం.
మా అత్త ఎదెల్మిరా గుమ్మంలో కుర్చీ వేసుకుని
పిల్లను చూసిపోతామని వచ్చినవాళ్ళను
రొట్టె చేతిలో పెట్టి వెనక్కి పంపుతుంది.
సొంత చెల్లెలినైనా సరే.

నిన్న డాక్టరమ్మ చెప్పింది,
రోగాన్ని ఆపే కణాలు రెండు వందల ఎనభైయట.
నాకు తెలిసిన లెక్కలో
బస్సు ఏడుసార్లు నిండేంత.
చాలామందే కదా అన్నాను.
ఆవిడ నవ్వలేదు.

ఈ సాయంత్రం గొంతులో గరగర.
పొయ్యి పొగేమో.
కాకపోతే?
గడప తొక్కలేదు,
గొడుగేసుకుని కిటికీ బయట నిలబడ్డాను.

మిల్లారాయ్ లోపలినుంచి గాజుమీద ఊది
చేపల బజారు దగ్గరి సముద్రసింహాన్ని గీసింది,
మీసాలతో సహా.
దానికీ తల నున్నగానే ఉంటుందిగా, అని
తన తల నిమిరి చూపించింది.
తోక నన్ను వెయ్యమని సైగ.
ఇవతలినుంచి వేలితో వేశాను.
వాన చెరిపింది. మళ్ళీ వేశాను.
దాని నిద్ర ముంచుకొచ్చేదాకా
ఎన్ని తోకలో.

రాత్రి బస్సులోనే పడుకున్నాను.
నలభై ఖాళీ సీట్లు.
దగ్గు రాలేదు.
వస్తుందేమోనని
తెల్లారేదాకా నా గొంతుకే
చెవి ఒగ్గి ఉన్నాను.