ఏటి అవతల జిరాక్సు

పర్లాకిమిడిలో మా పత్రికని ఎవరూ అచ్చెయ్యరు.
మహేంద్రతనయ దాటి పాతపట్నం పోవాల,
పేజీకి రూపాయి, అప్పు లేదు.

మొదటి పేజీ ఒడియా, రెండోది తెలుగు,
మూడో పేజీలో సగం ఎస్తేరు రయితా సవర మాట.
మిగిలిన సగం కోసం నెలనెలా తగువే.

ఢిల్లీ గురించి రాసేవాడి పేరు డిల్లేసు.
కొత్త చట్టాన్ని నాలుగు పేరాల్లో ఉతికి ఆరేశాడు.
ప్రిన్సిపాల్ గారు చదివి నవ్వారు:
"భాష బాగుంది బాబూ."

ఎస్తేరు రాసింది మూడే వాక్యాలు.
హాస్టల్ బియ్యం బస్తా మీద యాభై కిలోలని ఉంది.
మా కాటాలో నలభై మూడు తూగింది.
ఆ ఏడూ ఏ గుమ్మం ఎక్కాయి?

సాయంత్రానికి పత్రిక బంద్.
ఎస్తేరుకి షోకాజు నోటీసు.

డిల్లేసు ఆ రాత్రి అన్నం ముందు కూచుని
మెతుకులు కెలికాడు, అంతే.
తెల్లారి సైకిలు తీసేసరికి వంతెన మీద ఇంకా మంచు.
తన సంపాదకీయం జేబులోనే ఉంచేసి
ఆ మూడు వాక్యాలే, ఇంతింత అక్షరాల్లో,
మూడు భాషల్లో రెండొందలు తీయించాడు.

డబ్బు చాల్లేదట.
వాచీ కొట్లో పెట్టొచ్చాడు.

నేను మడతలు పెట్టాను.
వేళ్ళకి ఆ నల్లపొడి
సబ్బుకి పోలేదు.